ముందు సీటు

ఆ ఏడు చలికాలంలో మా ఆయన వోరోకి రెండో కన్ను కూడా పోయింది. మొదటిది పోయినప్పుడు "ఇంకోటుందిగా" అని సైకిలెక్కి కొండకు పోయాడు. రెండోది పోయాక వంటింట్లో వీధివైపు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇక అక్కడే ఉండిపోయాడు.

మా ఊరు మెలియానా. మా ఇంటికి ఎదురుగా ఫెర్రాన్ బేకరీ. ఆదివారం పొద్దున్నే సైకిల్ క్లబ్బువాళ్ళంతా ఆ బేకరీ ముందే పోగవుతారు. ముందు వేళాకోళాలు, తర్వాత టైర్లలో గాలి కొట్టే చప్పుడు, ఆ తర్వాత బూట్లు పెడళ్ళలో టకటకా బిగుసుకునే చప్పుడు. చివరికి గుంపంతా జుయ్యిమని వీధి దాటిపోతుంది. ఆ గుంపులో ముందు వరస వోరోది. కొండల మీద అతణ్ణి దాటినవాడు మా ఊళ్ళో లేడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం గుంపు కదులుతుంటే వోరో కిటికీ వైపు చెవి పెట్టి అన్నాడు.

"జెరోని బాబాయ్ చైనుకి నూనె పెట్టలేదు."

"బయటికెళ్ళి చెప్పొచ్చుగా?"

"చెప్పి ఏం చెయ్యను రొసేర్?"

కాఫీ చల్లారిపోయింది. తాగలేదు.

పెళ్ళైన మొదటి వారం నుంచీ నేను ఆ సైకిల్ని నా సవతి అనే పిలిచేదాన్ని. ఆదివారాలన్నీ దానివే. చొక్కా నిండా ఉప్పుచారలతో మధ్యాహ్నానికి ఇల్లు చేరి, "ఇవాళ ఓరోనెట్ ఎక్కేటప్పుడు ఫెర్రాన్ని ఏడిపించాననుకో" అని మొదలుపెట్టేవాడు. ఆ కొండల పేర్లన్నీ నాకు విని తెలుసు. ఒక్కటీ ఎక్కి ఎరగను. నాకు సైకిలు రాక కాదు, రోజూ పొలానికి నా సైకిలు మీదే పోతాను. కానీ మా పొలాలు అరచేయిలా చదును. కాలువ వంతెన ఒక్కటే మాకు తెలిసిన ఎత్తు. ఇప్పుడు సవతి పీడ విరగడైంది, ఆదివారాలన్నీ నావే. అయినా ఆ కుర్చీని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఆ మధ్యాహ్నం ఫెర్రాన్ వేడి రొట్టె పట్టుకుని వచ్చాడు. క్లబ్బుకి అధ్యక్షుడు అతనే. చిన్నప్పుడు ముగ్గురం ఒకే బళ్ళో చదివాం.

"వోరో, జూన్లో గర్బీ కొండ. సెగార్ట్ వైపు నుంచే ఎక్కుతున్నాం. ఈసారి క్లబ్బుకి యాభై ఏళ్ళు. నువ్వు లేకుండా ఎలారా?"

వోరో తలెత్తాడు. చాలా వారాల తర్వాత ఆ మొహంలో ఏదో వెలిగింది.

"వ్యానులో తీసుకెళ్తాం," అన్నాడు ఫెర్రాన్. "నేరుగా కొండ అవతల సెర్రా ఊరికి, భోజనాల దగ్గరికి. నీడలో కుర్చీ వేయించి ఉంచుతా. హాయిగా కూర్చుందువుగాని."

"అలాగే," అన్నాడు వోరో. "నీ దయ."

ఫెర్రాన్ మంచివాడు. మంచిమాటే అన్నాననుకుని వెళ్ళాడు. అతను గడప దాటగానే వోరో తడుముకుంటూ గదిలోకి పోయి, క్లబ్బు చొక్కాలన్నీ తెచ్చి వాళ్ళమ్మ ఒళ్ళో పడేశాడు.

"కిటికీలు తుడుచుకో అమ్మా. గట్టి గుడ్డ."

మా అత్త పురా ఎనభై దాటిన మనిషి. చెవులు మొద్దుబారాయి గానీ నోరు పదునుగానే ఉంది. అలాంటిది ఆ పూట ఊరికే చొక్కాలు తీసుకుని లోపలికి పోయింది.

ఆ నెలంతా మాకు ఆర్టిచోక్ అనే కూరమొగ్గల కోతలు. మండీలో ఆడవాళ్ళం కూర్చుని మొగ్గలు ఏరుతుంటే పుసోల్ నుంచి వచ్చే ఒకావిడ వాళ్ళక్క కూతురి గోడు చెప్పుకొచ్చింది. సగుంట్‌లో ఆ పిల్లా మొగుడూ విడిపోయారట. మంచం దగ్గర్నుంచి గరిటెల దాకా అన్నీ పంచుకున్నారట.

"ఒక్క సైకిలు మాత్రం షెడ్డులో పడుంది. ఇద్దరు కూర్చుని తొక్కేది. ఆవిడా వద్దంది, ఆయనా వద్దన్నాడు. దాన్ని సగానికి కొయ్యలేరుగా!"

అందరూ నవ్వారు. 

"రెండు పెట్టెల మొగ్గలిస్తాను. నాకిస్తారా?" అన్నాను.

మరుసటి రోజు అది మా వ్యానులో పట్టక, వెనక తలుపు తీసి తాళ్ళతో కట్టి తెచ్చాను. పెరట్లో నిలబెట్టి వోరోని పిలిచాను. వోరో దాని మీద చెయ్యి పెట్టి మెల్లగా తడుముతూ నడిచాడు. హ్యాండిల్, సీటు, పొడుగాటి గొట్టం, మళ్ళీ ఇంకో హ్యాండిల్, ఇంకో సీటు.

"ఎవరిదిది?"

"విడాకులు తీసుకున్నవాళ్ళది."

"ఎందుకు తీసుకున్నారో తెలుస్తూనే ఉంది." వెనక హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ లాగి చూశాడు. "ఇది తిరగదు."

"తిరగదు. బ్రేకు కూడా ముందువాళ్ళ చేతిలోనే."

"మరి వెనకవాడికి ఏం మిగిలింది?"

"పెడళ్ళు."

వోరో చెయ్యి తీసేశాడు. "ముందు ఎవరు కూర్చుంటారు?"

"ఎవరంటావు? మీ అమ్మా?"

గుమ్మంలో నిలబడ్డ మా అత్తకి ఈ ముక్క మాత్రం భేషుగ్గా వినబడింది. "నేనైతే మీ ఇద్దరికంటే బాగా తోలతా," అంది. "కొడుక్కి కళ్ళు పోయాయనుకున్నా, కోడలికి బుర్ర కూడా పోయింది."

వోరో లోపలికి పోయాడు. కుర్చీలో కూర్చున్నాడు. మళ్ళీ ఆ సైకిలు ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. అతనికి భయం లేదని నాకు తెలుసు. సిగ్గు. నిన్నటిదాకా అందరికంటే ముందు పోయినవాడు ఇవాళ పెళ్ళాం వీపు వెనక కూర్చుని ఊళ్ళోంచి ఎలా పోతాడు?

మార్చిలో ఫాయాస్ పండగ వచ్చింది. మా దగ్గర ఆ రోజుల్లో మధ్యాహ్నం కూడలిలో బాణసంచా పేలుస్తారు. వెలుగు కోసం కాదు, చప్పుడు కోసమే. ఆ చప్పుడు గుండెల్లో మోగాలని ఊరు ఊరంతా అక్కడికి పరిగెత్తుతుంది. వీధిలో జనం అలికిడి సద్దుమణిగాక వోరో దగ్గరికి వెళ్ళాను.

"ఇప్పుడు పొలాల్లో కుక్క కూడా ఉండదు. లే."

ఏమనుకున్నాడో, లేచాడు.

పొలాల మధ్య సన్నటి సిమెంటు బాట. ఇటు మా ఆర్టిచోక్ సాళ్ళు, అటు చూఫా దుంపల కోసం దున్ని ఉంచిన మడి, బాట ఎడమపక్కనే నీళ్ళ బోదె. నేనెక్కాను, అతనెక్కాడు. ఒక గజం పోయామో లేదో "కుడిపక్కకి పోతున్నావు" అన్నాడు. "నీకెలా తెలుసు?" అన్నాను. "నా పిరుదులకి తెలుసు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, హ్యాండిల్ వణికింది. సరిగ్గా అప్పుడే కూడలిలో బాణసంచా ఢామ్మని మొదలైంది. ఉలిక్కిపడి బ్రేకు నొక్కాను. అతను ఇంకా తొక్కుతూనే ఉన్నాడు. ఇద్దరం, సైకిలూ కలిసి బోదెలో పడ్డాం.

నడుం లోతు బురద. నేను లేచి చూసేసరికి వోరో కనబడలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతలో సైకిలు అవతల్నుంచి ఒక వింత చప్పుడు. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. నోట్లోంచి బురద ఉమ్ముతూ, ఊపిరాడకుండా నవ్వుతున్నాడు.

"ఎటువైపు పడ్డాం?" అన్నాడు.

"ఎడమవైపు."

"చెప్పానా! అంతకుముందు కుడికి పోతున్నావు కాబట్టి ఇటు లాగావు. ఊఁ, లే, మళ్ళీ ఎక్కు."

బాణసంచా ఆగేదాకా ఎక్కుతూనే ఉన్నాం. ఇంకోసారి పడ్డాం. ఇంటికొస్తే మా అత్త మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపి, బావి దగ్గర పశువుల్ని కడిగినట్టు నీళ్ళు కొట్టింది.

అక్కడ్నుంచి రోజూ పొలం పని కాగానే బయల్దేరేవాళ్ళం. ముందు కాలువ గట్ల వెంట, తర్వాత సముద్రం పక్క రోడ్డు మీద, తర్వాత పుసోల్ దాటి నారింజ తోటల్లోకి. ఏప్రిల్లో ఆ తోటలు పూతకొస్తాయి. ఆ వాసన ఎంత చిక్కగా ఉంటుందంటే నోరు తెరిస్తే నాలిక మీద తగులుతుంది. వోరో అక్కడ మాట్లాడటం మానేసేవాడు. మిగతా అన్నిచోట్లా మాత్రం నోరు మూతపడేది కాదు.

"ఏంటది? ఎందుకు తిప్పావు?"

"గుంత."

"ఏంటది? ఎందుకాపావు?"

"ట్రాక్టరు."

"ఇప్పుడేంటి?"

"ఏమీ లేదయ్యా బాబూ! ముక్కు గోక్కున్నాను!"

అడిగిన ప్రతిసారీ అతని కాళ్ళు ఆగిపోయేవి. ఒకే చైను మీద ఉన్నాం కదా, అతను ఆపితే నా కాళ్ళ కింద రాయి పడ్డట్టే. చదునుమీద ఫరవాలేదు. ఎత్తులో అయితే అక్కడికక్కడే చతికిలబడేవాళ్ళం. తప్పు నాదీ ఉంది. దిగుడు వస్తే చాలు, బ్రేకులు పిసికి పిసికి పట్టుకునేదాన్ని. అవి కీచుమని ఏడుస్తుంటే దారిన పోయే మేకలు కూడా తల తిప్పి చూసేవి.

"ఇంత బరువుకి దిగుడే పండగ," అనేవాడు. "వదులు!"

"నువ్వు చూడట్లేదు కాబట్టి నీకు పండగ."

నాకేరా కొండవాలులో ఒక సాయంత్రం గట్టిగానే తగువుపడ్డాం, మాటామాటా. ఎక్కుతూ మూడుసార్లు ఆగిపోయాం. సైకిల్ని పైన్ చెట్టుకి ఆనించి రోడ్డు పక్కన కూలబడ్డాను. 

"నేను చెప్పేదాకా అడగకు," అన్నాను. "ఏదైనా ఉంటే నేనే చెప్తా. చెప్పలేదంటే ఏమీ లేదని అర్థం."

"ఏమీ లేదని ఎలా నమ్మను?"

 అతను ఎగతాళికి అనలేదు. మొహం నావైపు తిప్పి, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. చీకటిలో ఎవరో తోలే బండి వెనక కూర్చుని లోయ అంచున పోవడం ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.  తర్వాత అతనే లేచి నా చెయ్యి పట్టుకు లేపాడు. మెల్లగా, బ్రేకులు కీచుమంటూనే, ఇల్లు చేరాం.

మే నెలకి మా సంగతి ఊరంతా తెలిసింది. ఒక ఆదివారం గుంపు బయల్దేరే వేళకి మేం కూడా వీధిలోకి వచ్చి నిలబడ్డాం. అందరి తలలూ మావైపు తిరిగాయి. తర్వాత జెరోని బాబాయ్ ఈలేశాడు.

"ఏరా వోరో, అమ్మాయి డ్రైవరా? లైసెన్సుందా?"

"లేదు బాబాయ్. అందుకే నేను వెనక దాక్కున్నా."

గొల్లుమన్నారు. నాకు గుండె తేలికైంది. వాళ్ళలో అతను మళ్ళీ నోరు విప్పాడు, అది చాలనుకున్నాను. కానీ ఆ రోజు ఫెర్రాన్ మా పక్కనే తొక్కుతూ వచ్చి, కాస్త గొంతు తగ్గించాడు.

"చూడు వోరో, చదునులో బాగానే ఉంది. గర్బీ సంగతి వేరు. సెగార్ట్ దాటాక ఆ గోడలాంటి ఎత్తు నీకు తెలుసు. మామూలు సైకిళ్ళ వాళ్ళే దిగి నడుస్తారు. ఈ ఇనుప మంచంతో మధ్యలో ఆగారంటే మళ్ళీ ఎక్కలేరు, వెనక్కి జారితే మీ ఇద్దర్నీ సెగార్ట్ ఫౌంటెన్ దగ్గర ఏరుకోవాలి. మీరు సెర్రా వైపు నుంచి రండి, ఆ దారి సులువు. లేదా వ్యాను ఎలాగూ ఉంది. ఏమంటావు?"

ఇదివరకటి వోరో అయితే అక్కడే ఒక బూతు వదిలేవాడు.

"నన్నడుగుతావేంటి?" అన్నాడు. "ముందు కూర్చున్నది ఆవిడ. ఆవిణ్ణి అడుగు."

ఫెర్రాన్ నావైపు తిరిగాడు. ముప్పై ఏళ్ళలో క్లబ్బు విషయం ఏదైనా అతను నన్ను అడగడం అదే మొదలు. వద్దు, సులువు దారే చాలు అనాలని నాలిక చివరిదాకా వచ్చింది. కిటికీ పక్క కుర్చీ కళ్ళముందు మెదిలింది.

"సెగార్ట్ మీంచే," అన్నాను.

 నాకు పెడళ్ళు కొంచెం బరువు తగ్గాయి.

గర్బీ రోజు తెల్లారేసరికి మా అత్త వంటింట్లో కూర్చుని ఉంది. బల్లమీద రెండు క్లబ్బు చొక్కాలు, ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉన్నాయి.

"ఇవి కిటికీలకి పనికిరావు," అంది. "గుడ్డ నీళ్ళు పీల్చదు. ఇది వాడిది. ఇది నీకు, పక్కలు కుట్టి బిగించాను. నీ నడుం కొలత అడగలేదు, చూస్తే తెలుస్తూనే ఉంది."

వేసుకున్నాను. సరిగ్గా సరిపోయింది.

ఆల్బలాత్ దాకా గుంపుతోనే పోయాం. అక్కడ్నుంచి రోడ్డు కొండల మధ్యకి ఒదిగి ఎత్తుకుంటుంది. కుర్రాళ్ళు ముందుకు పోయారు, వాళ్ళ వెనక ఫెర్రాన్. మేం మా పాటికి మేం పోతున్నాం. సెగార్ట్ తెల్లటి ఇళ్ళు వచ్చాయి. ఫౌంటెన్ దగ్గర ఇద్దరు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి ఒకావిడ "ఓలమ్మో, ఆ వెనకాయన కళ్ళు మూసుకున్నాడేంటే!" అంది. "భయమేస్తోంది, అందుకే!" అని అరిచాడు వోరో. వాళ్ళ నవ్వు చాలాదూరం మా వెంట వచ్చింది.

ఆ తర్వాత గోడ.

దాన్ని రోడ్డని ఎందుకన్నారో నాకు తెలియదు. ముందు చక్రం నా మొహానికి ఎదురుగా లేచినట్టుంది. అన్నిటికంటే చిన్న గేరుకి దించాను. ఇక దించడానికి ఏమీ లేదు. ఒక్కో తొక్కుడూ ఒక గోనెసంచిని మెట్టెక్కించినట్టే ఉంది. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకుందామంటే హ్యాండిల్ వదల్లేను. వెనక వోరో ఊపిరి రంపంలా వినబడుతోంది. రోడ్డు పక్క కొందరు దిగి సైకిళ్ళు తోసుకుంటున్నారు. మేం నడిచేవాళ్ళకంటే కొంచెమే వేగంగా పోతున్నాం. కానీ పోతున్నాం.

మాకు ముందు జెరోని బాబాయ్. డెబ్బై దాటినవాడు నిటారుగా ఎక్కలేక ఇటు అంచు నుంచి అటు అంచుకి పాములా మెలికలు తిరుగుతూ పోతున్నాడు. వంకర తిరిగేచోట అతని చక్రం ఆగిపోయింది. బూటు పెడల్లోంచి ఊడిరాలేదు. నరికిన చెట్టులా మెల్లగా ఒరిగి, రోడ్డుకి అడ్డంగా, సైకిలుతో సహా పడ్డాడు.

ఆపితే అయిపోయినట్టే. ఎడమవైపు అతని తల. కుడివైపు తారుకీ మురుగుకాల్వకీ మధ్య కంకరరాళ్ళ సన్నటి పట్టీ, అంతే. చెప్పాలి, వోరోకి చెప్పాలి, అనుకున్నాను. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. హ్యాండిల్ కుడికి లాగేశాను.

చక్రాల కింద రాళ్ళు కరకరమన్నాయి. వెనక చక్రం పక్కకి జారింది. ఇప్పుడు అడుగుతాడు, కాళ్ళు ఆపేస్తాడు, కాల్వలోకి పోతాం అనుకున్నాను. నా కాళ్ళ కింద పెడళ్ళు ఒక్కసారి బలంగా ముందుకి దూసుకుపోయాయి. ఆ బలం నాది కాదు. ఒక తొక్కుడు, ఇంకో తొక్కుడు, ఇంకోటి. ముందు చక్రం మళ్ళీ తారెక్కింది.

పడ్డచోటి నుంచే జెరోని బాబాయ్ పిడికిలి ఊపుతున్నాడు. "తొక్కండి తల్లీ! నాకేం కాలేదు, తొక్కండి!"

పైన్ చెట్లు పల్చబడ్డాయి. ఎవరో "వస్తున్నారు! వస్తున్నారు!" అని అరిచారు. ఆకాశం కిందికి దిగింది. రోడ్డు చదునైంది. కాలు కింద పెట్టడం ఎలాగో మర్చిపోయి అలాగే ఒరుగుతుంటే కుర్రాళ్ళు పట్టుకున్నారు.

తొక్కుతూ వచ్చినవాళ్ళలో ఆఖరివాళ్ళం మేమే. మా తర్వాత నడిచొచ్చినవాళ్ళు తప్ప ఎవరూ లేరు. అయినా ఆ అరుపులేమిటో, ఆ చప్పట్లేమిటో. ఫెర్రాన్ గుంపుని తోసుకుంటూ వచ్చాడు.

"ఎక్కడా దిగలేదా?"

"లేదు."

"కాలు కూడా మోపలేదూ?"

"ఎక్కడ మోపాలి, ఆ గోడమీద?"

అతను మా సైకిలు వెనక్కి పోయి, సీటు పట్టుకుని పైకెత్తి చూశాడు. ఒక జానెడు లేపి దించేశాడు. తన నీళ్ళ సీసా తీసి నాకిచ్చాడు. నేను తాగి వోరోకిచ్చాను. వోరో కొంత తాగాడు, కొంత నెత్తిన పోసుకున్నాడు.

"ఇందాక కంకరలోకి ఎందుకు దింపావు?" అన్నాడు.

"జెరోని బాబాయ్ అడ్డంగా పడ్డాడు."

"ఓహో," అన్నాడు. సీసా అడుగున ఇంకేమైనా ఉందేమోనని ఊపి చూసి, మిగిలింది తాగేశాడు.

సెర్రాలో పొద్దుటి పది గంటల భోజనాల బల్ల నీడలోనే వేశారు. ఫెర్రాన్ చెప్పినట్టే వోరోకి కుర్చీ ఉంది. అందులో నడుం పట్టేసిన జెరోని బాబాయ్‌ని కూర్చోబెట్టి మేం బెంచీ మీద ఇరుక్కున్నాం. వేరుసెనక్కాయలు, ఆలివ్‌లు, సాసేజీలు కుక్కిన మూరెడు రొట్టెలు, సోడా కలిపిన వైను. నా జన్మలో అంత తిని ఎరగను. నా ఎదురుగా కూర్చున్న కుర్రాడు సగంలో చేతులెత్తేస్తే అతని రొట్టె కూడా లాక్కున్నాను. కంకరలోకి దిగిన ముక్కని జెరోని బాబాయ్ ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆ కాల్వ ఇంకొంచెం లోతైంది.

"నా తలకీ చక్రానికీ మధ్య వేలెడు సందు లేదురా! ఈ అమ్మాయి నా చెవి కోసుకుపోతుందనుకున్నా."

"పోనిద్దూ బాబాయ్," అన్నాడు వోరో. "ఆ చెవితో ఎలాగూ చైను చప్పుడు వినవుగా."

తిరుగుదారిలో జెరోని బాబాయ్‌ని వ్యాను ఎక్కించాం. సెర్రా నుంచి నాకేరా దాకా అంతా దిగుడు. ఏప్రిల్లో మేం తగువుపడ్డ చెట్టు దాటాం. నా వేళ్ళు అలవాటుగా బ్రేకుల మీదికి పోయాయి. వెనక నుంచి "వదులు" అంటాడనుకున్నాను. అనలేదు. నాకే తెలియకుండా వేళ్ళు తెరుచుకున్నాయి.

అబ్బ, ఆ బరువు! ఎక్కేటప్పుడు మమ్మల్ని చంపిన బరువే ఇప్పుడు గుర్రమైంది. గాలి చెవుల్లో హోరెత్తింది. మలుపు, ఇంకో మలుపు, ఒంటి సైకిళ్ళు ఒక్కొక్కటే పక్కన జారిపోయాయి. "ఎడమ!" అని అరుస్తూ ఒకణ్ణి దాటాను, "కుడి!" అంటూ ఇంకొకణ్ణి. మా వెనక ఫెర్రాన్ "ఓయ్ రొసేర్! ఓయ్!" అంటూ మిగిలిపోయాడు. వోరో గొంతెత్తి కూశాడు. మాటలేమీ లేవు, ఉత్త కూత, కొండలు తిరిగి పలికేటంత గట్టిగా.

చదునుకి చేరేసరికి సముద్రపు గాలి మొదలైంది, సరిగ్గా మొహానికి ఎదురు. ఎదురుగాలిలో ఒంటి సైకిలు గిలగిల్లాడుతుంది. మాది కదలదు. రెండు జతల కాళ్ళు, ఒకే గాలి. కాసేపటికి మా వెనక చక్రం చాటుకి ఒకడు చేరాడు. వాడి వెనక ఇంకొకడు. గాలి తగలకుండా కోడిపిల్లల్లా ఒకరి వెనక ఒకరు, క్లబ్బు క్లబ్బంతా. నారింజ తోటలు దాటాం, కాలువలు దాటాం, మోకాలెత్తు పెరిగిన చూఫా మళ్ళలోకి వచ్చాం. మళ్ళీ మా మట్టి వాసన.

"రొసేర్, కొంచెం మెల్లగా!" ఫెర్రాన్ గొంతు, ఎక్కడో దూరంనుంచి. "అమ్మా తల్లీ, మెల్లగా! తిన్న రొట్టె బయటికొచ్చేలా ఉంది!"

"ఏమంటున్నాడు?" అన్నాడు వోరో.

"మెల్లగా పొమ్మంటున్నాడు."

"నువ్వేమంటావు?"

గేరు ఒకటి పెంచాను.

ఊళ్ళోకి ఆ వేగంతోనే వచ్చాం. జనం చర్చినుంచి వస్తున్నారు, కుర్చీలు బయట వేసుకుంటున్నారు, ప్రతి పెరట్లోనూ నారింజ కొమ్మల మంటమీద పయేయా అన్నం ఉడుకుతోంది. అంతా లేచి నిలబడ్డారు. మా వీధి మలుపు తిరిగాం. మా అత్త గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ముందు మమ్మల్ని చూసింది. తర్వాత మా వెనక చూసింది. గరిటె ఉన్న చెయ్యి నెత్తిన పెట్టుకుంది.

"ముందెవరైనా ఉన్నారా?" అన్నాడు వోరో నా వీపు వెనక నుంచి.

"ఎవరూ లేరు."

"వెనక?"

"అందరూ."

ఇంకో రెండు తొక్కుళ్ళు బలంగా వేశాడు.

"అయితే ఆపకు," అన్నాడు. "ఇంకొక చుట్టు తిప్పు."

బేకరీ దగ్గర ఆపలేదు. మా గుమ్మం దాటి, కూడలి వైపు తిప్పాను. వెనక గుంపంతా తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, మా వెంటే తిరిగింది.

"ఎక్కడికే మళ్ళీ!" మా అత్త గొంతు వీధి చివరిదాకా వినబడింది. "అన్నం మెత్తబడిపోతుందే!"

మెత్తబడే పోయింది. ఆ రోజు మా పెరట్లో క్లబ్బంతా కూర్చుని, పెనం అడుగు గీకి మరీ తింది.